రత్నకంబళము: దాని చరిత్రము, సంరక్షణము

గొంగళి నెట్లు కాపాడుకొనవలయునో మన పల్లెలలో నెవ్వరికిని నేర్పనక్కరలేదు. క్రొత్త గొంగళి కొన్న రైతు, నేతగాడు దానికి పట్టించిన చింతపిక్కల గంజి వదలునంతవరకు దాని బిరుసును ఓర్చుకొనును. వానకు తడిసినచో దానిని నిప్పుసెగకు పెట్టక దండెముమీద గాలికి వైచును. చవుడు పెట్టి ఉతుకుటకు దానిని వేయనే వేయడు. ఈ యెరుక అతడు పుస్తకమున చదివినది కాదు. తాత తండ్రులవలన వచ్చినది. కాని అదే ఉన్నితో, అంతకు ఎన్నో రెట్లు శ్రమపడి కట్టిన తివాచీ మన గ్రామమునకు వచ్చినప్పుడు మాత్రము మనకు చేయి ఆడదు. గ్రంథాలయమునకో, కల్యాణమంటపమునకో చందాలెత్తి కొన్న తివాచీ రెండు మూడేండ్లలోనే చివికి, మూలపడి, ఎలుకలపాలగుటను నేను పలుచోట్ల చూచితిని. అట్టి సందర్భములలో తప్పు నేసినవానిదని ఊరివారందురు. ఆ మాట యెంతవరకు న్యాయమో తెలియవలెనన్నచో తివాచీ యేమిటో, అది ఎచ్చటనుండి వచ్చినదో కొంత విచారింపవలసియున్నది.

తెలుగున దీనికి రత్నకంబళి యను చక్కని పేరు కలదు. తివాచీ, గలీచా యనునవి తరువాత వ్యాపించినవి. జంపఖానా వేరు, తివాచీ వేరు. జంపఖానా వస్త్రమువలె పడుగు పేకలతో బల్లపరుపుగా నేయబడును. తివాచీకైతే నూలుపడుగును నిలువుగా బిగించి, రెండేసి పోగులచుట్టును ఉన్నిదారముతో ముడి వేసి కోయుదురు. ఒక వరుస ముడులైన పిమ్మట పేకదారమును పోనిచ్చి, పండ్లుగల పనిముట్టుతో క్రిందికి మొత్తుదురు. ఇట్లు లక్షలకొలది ముడులు పడగా, కోసిన కొనలు గరికవలె లేచి నిలుచును. గరికకు వాలున్నట్లే వీనికిని ఒక వాలు ఉండును. పైన కనబడునది ఉన్ని. లోపల బరువు మోయునది నూలు. ఈ రెంటి స్వభావములును వేరు. సంరక్షణమునకు సంబంధించిన మాటలన్నియు ఈ భేదమునుండియే పుట్టినవి.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది. 1949 వ సంవత్సరమున రష్యా పండితుడు సెర్గేయి రుదెంకో సైబీరియాలోని ఆల్తాయి పర్వతములయందు, పజిరిక్ అనుచోట, పూర్వపు దొరల సమాధి నొకదానిని త్రవ్వించుచుండగా మంచులో గడ్డకట్టియున్న తివాచీ యొకటి బయటపడెను. దాని వయస్సు రెండువేల మూడువందల యేండ్లకు తక్కువగాదు. నిడివియు వెడల్పును ఇంచుమించు రెండేసి మీటర్లు. అందు పన్నెండు లక్షలకు మించిన ముడులున్నవి. అంచున గుఱ్ఱపురౌతులు, దుప్పులు బారులు తీరియుండుట నేటికిని స్పష్టముగా కనబడును. అది ఇప్పుడు సెంటుపీటర్సుబర్గులోని హెర్మిటేజి ప్రదర్శనశాలలో నున్నది. సమాధిలోనికి నీరు చేరి గడ్డకట్టుటచే గాలియు పురుగును దానిని తాకలేదు. మనుష్యుడెవ్వడును దానిని కాపాడలేదు, మంచు కాపాడినది. మన దేశమున అట్టి మంచు లేదుగనుక ఆ పని మనమే చేయవలెను.

మన దేశమున తివాచీలకు రాజాశ్రయము విశేషముగా కలిగినది అక్బరు పాదుషా కాలమున. పాదుషా అనుభవశాలురైన పనివాండ్రను రప్పించి నిలిపెననియు, ఆగ్రా, ఫత్తేపురము, లాహోరు పట్టణములయందు మంచి తివాచీలు తయారగుచుండెననియు అబుల్ ఫజలు తన అయినీ అక్బరీలో వ్రాసెను. ఇరువది గజములకు పైగా పొడవును, ఆరు గజములకు పైగా వెడల్పును గల యొక పరుపు 1810 రూపాయలకు తయారైనదనియు, తెలిసినవారు దానిని 2715 రూపాయలకు వెలకట్టిరనియు ఆయన లెక్క చెప్పెను. నాకు వెలకంటె ఎక్కువ వింతగా తోచినది వేరొకటి. పాదుషా విడిదితో ప్రయాణము చేయు పరివారములో ఈరాను, తూరాను, హిందూస్థానములకు చెందిన ఫరాసులు వేయిమంది యుండిరట! ఫరాసులనగా గుడారములెత్తుట, తివాచీలు పరచుట, చుట్టుట, దులుపుట వృత్తిగా గలవారు. తివాచీ కొనుట ఒక పని, దానిని పోషించుట వేరొక పని యని ఆ ప్రభువులకు తెలియును. మనము మొదటిదానికి మాత్రము చందా వేయుదుము.

ఇక మన యేలూరి మాట. గోలకొండ సుల్తానులకు పారసీక దేశముతో మతమునందును, వర్తకమునందును సంబంధము మెండు. బందరు రేవునకు ఆ దేశపు ఓడలు వచ్చుచుండెడివి. ఆ దారినే పారసీక నేతగాండ్రు కొందరు వచ్చి ఏలూరిలో స్థిరపడిరి. ఇది కేవలము పుక్కిటి పురాణము గాదు. 1679 లో చెన్నపట్టణపు సెంటు జార్జి కోటకు అధిపతిగా నుండిన స్ట్రెయిన్‌షామ్ మాస్టరు అను నాంగ్లేయుడు ఈ ప్రాంతపు వర్తకశాలలను తనిఖీ చేయ వచ్చి, ఏలూరిలో మగ్గముల నొద్ద నిలిచి చూచి, చూచినది తన దినచర్యలో వ్రాసికొనెను. నేతగాండ్రు పారసీకులనియు, వారి పూర్వులు నూరేండ్లకు పైబడి క్రిందట వచ్చినట్లు తనకు చెప్పిరనియు ఆయన వ్రాసెను. నిలువుగా బిగించిన నూలు పడుగు, దాని వెనుక కాగితముపై గీసిన నమూనాను పట్టుకొని నిలుచుండి ఏ రంగుదారము ఎంత వేయవలయునో చెప్పెడి పెద్దవాడు, ముందు కూర్చుండి ముడులు వేసెడి పనివారు, వరుస ముగియగానే కత్తెరతో సమముగా కోయుట: ఈ వివరము లన్నియు అందున్నవి. నేటి మగ్గమున కూర్చున్నవాడు దీనిని విన్నచో ఇది తన యింటి ముచ్చటయే యనుకొనును.

అయితే ఆ వ్రాతలో మరియొక మాట కలదు. దానిని దాటిపోవుట నాకు ధర్మముగా తోచదు. ముడులు వేయువారు ఎనిమిది మొదలు పన్నెండేండ్ల బాలురని ఆయన వ్రాసెను. చిన్నచేతులకు చిన్నముడి సులువని పూర్వులు చెప్పుకొనిరి. కన్నులు చెడుట, వెన్ను వంగుట, ఉన్నిధూళి ఊపిరిలో చేరుట వారు లెక్కపెట్టలేదు. మూడు శతాబ్దములు గడచిన పిమ్మట 1986 లో మన పార్లమెంటు చేసిన చట్టము తివాచీ నేతను పిల్లలకు నిషిద్ధమైన పనులలో చేర్చినది. ఇంటివారితో కూడి పనిచేయు మగ్గములకు అందు మినహాయింపుండుటచే ఆ నిషేధము చాలచోట్ల కాగితముమీదనే నిలిచెను. 2016 లో వచ్చిన సవరణ పదునాలుగేండ్లలోపు పిల్లలను ఏ వృత్తియందును పనికి నియమింపరాదని శాసించెను. తివాచీ చవుకగా దొరకినచో సంతోషించుటకు ముందు అది ఎవరి చేతులమీదుగా వచ్చినదో అడుగుట పెద్దలకు తగినపని. పెద్దవానికి పూర్తి కూలి నిచ్చి నేయించిన తివాచీ ప్రియమగును. ప్రియమైనది గనుకనే అది ముప్పదియేండ్లు నిలువవలెను.

ఓరుగల్లునకును ఈ విద్యయందు గొప్ప పేరు వచ్చినది. 1851 లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమునకు ఓరుగల్లు తివాచీలు పోయినవి. వాని పనితనమును జార్జి బర్డువుడ్ దొర 1880 లో ప్రకటించిన తన గ్రంథమున మిక్కిలి మెచ్చెను. ఆ గ్రంథముననే ఆయన రెండు కీడులను గూర్చి మొరపెట్టెను. మొదటిది, కారాగారములలో ఖైదీలచేత చవుకగా నేయించిన తివాచీలు బజారుకు వచ్చి స్వతంత్ర నేతగాని కడుపు కొట్టుట. రెండవది, 1856 లో పెర్కిను అను యువకుడు కనిపెట్టినది మొదలుకొని వ్యాపించిన తారురంగులు. పూర్వము నీలిమందు నీలమునకును, లక్క ఎరుపునకును వాడిరి. అవి కాలము గడచినకొలది మెత్తబడి అందగించును. తొలినాటి తారురంగులు ఎండకు వెలిసిపోయి, తడికి కారిపోయినవి. తరువాత రసాయనశాస్త్రజ్ఞులు గట్టిరంగులను కనిపెట్టిరి గనుక నేడు రంగులన్నియు చెడ్డవనుట తగదు. ఓరుగల్లు జంపఖానాలకు 2018 లో భౌగోళిక సూచిక లభించుట మనకందరకు సంతోషకరము.

జైలు తివాచీలనన్నింటిని తీసిపారవేయుటకును వీలులేదు. ఆగ్రా కారాగారమున విక్టోరియా రాణికై నేసిన మహత్తరమైన తివాచీ విండ్సరు కోటలో నున్నది. 1992 లో ఆ కోటకు నిప్పంటుకొన్నప్పుడు సైనికులు పలువురు కూడి దానిని చుట్టి కదల్చిరి. ఎవరి చెరసాల దినములు అందు ముడిపడియున్నవో గాని, వస్తువు మాత్రము దక్కినది.

చరిత్రమునుండి ఇంక నొక్క యుదాహరణము చాలును. ఈరానులోని అర్దబీలు పుణ్యక్షేత్రమునకై హిజిరీ 946 లో, అనగా 1539-40 లో, నేసిన తివాచీల జంట జగత్ప్రసిద్ధము. ఒక్కొక్కదానిలో ముడులు రెండున్నర కోట్లకు మించునని లెక్కించిరి. మూడు శతాబ్దములకు పైగా జనుల పాదముల క్రింద అవి నలిగి చిరిగినవి. పందొమ్మిదవ శతాబ్దిలో వర్తకులు ఒకదాని యంచులు కోసి రెండవదానికి అతుకు వైచిరి. అట్లు పూర్తియైన తివాచీని 1893 లో లండను ప్రదర్శనశాల రెండువేల పౌనులకు కొనెను. 2006 మొదలు దానిని అద్దపుగదిలో నేలమీదనే పరచి, గంటకు రెండుమారులు పదేసి నిముషములు మాత్రమే దీపము వెలిగించుచున్నారు. వెలుతురు రంగును తినునని వారి భయము. అంత భయము మనకక్కరలేదు. కాని మధ్యాహ్నపు టెండ కిటికీలోనుండి ఒకేచోట నిత్యము పడుచున్నచో అచ్చట మచ్చ యేర్పడుననుట మాత్రము నిజము.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తును. డెల్టాలోని యొక గ్రామమున క్రొత్తగా సభాభవనమును కట్టి, సిమెంటు గచ్చు చేసిన మూడు వారములకే ఉగాది పండుగకని ఏలూరి తివాచీ తెప్పించి పరచిరి. ఆషాఢము నాటికి దానినుండి ముక్కవాసన వచ్చెను; నడుమ తొక్కినచోట చిరిగెను. నేతగానికి ఈయవలసిన మిగిలిన పైకమును పెద్దలు బిగపట్టిరి. ఆ వృద్ధుడు కబురందుకొని వచ్చెను. అప్పుడు నేనచ్చటనే యుంటిని. ఆయన తివాచీని చూడనైన చూడక, ఒక మూల నెత్తి వెనుకకు త్రిప్పించి, గోటితో పడుగుపోగును మీటెను. పోగు పొడియై రాలెను. పిమ్మట పైనున్న ఉన్నిని గుప్పిటపట్టి లాగెను, అది రాలేదు. “ఉన్ని చావలేదు బాబుగారూ, నూలు చచ్చినది” అని మాత్రము అనెను. నేలమీద అరచేయి పెట్టి చూడుమని పెద్దలలో నొకరిని కోరెను. గచ్చు చెమ్మగా నుండెను. సిమెంటులోని నీరు పైకి వచ్చుటకు దారిలేక తివాచీ వెన్నులో నిలిచి బూజుపట్టెను. సభవారు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. సాయంకాలమునకు పైకము చెల్లింపబడెను. తివాచీ మాత్రము తిరిగి రాలేదు.

గచ్చు పైకి పొడిగా కనబడినంతమాత్రమున లోపల ఆరినట్లు కాదు. ఒక్కొక్క అంగుళపు మందమునకు ఇంచుమించు ఒక మాసము కావలయునని పనివారి లెక్క. నాలుగంగుళముల గచ్చునకు నాలుగు మాసములన్నమాట. అనుమానమున్నచో మూరెడు చదరపు ప్లాస్టికు గుడ్డను నేలమీద పరచి, నాలుగంచులను గాలి చొరకుండ అంటించి, పదునారు గంటలు విడిచి తీసి చూడుడు. అడుగున నీటిబొట్లు కనబడినను, నేల నల్లబడినను ఇంకను ఆగవలెను. పరచునప్పుడును వట్టి గచ్చుమీద గాక అడుగున ఒక పాత జంపఖానాను వేయుట మేలు.

క్రొత్త తివాచీనుండి మొదటి కొన్ని మాసములు ఉన్నిపొట్టు రాలును. దానిని చూచి మోసపోతిమని కంగారుపడవలదు. అవి కోతలో మిగిలిన పొట్టిపోగులు. అంతట అవియే ఆగిపోవును. ఎచ్చటనైన ఒక దారము పైకి లేచినచో లాగరాదు, కత్తెరతో సమముగా కోయవలెను. ఊడ్చునప్పుడు మెత్తని కొండచీపురుతో వాలువెంబడి ఊడ్వవలెను. ఈనెల చీపురు ముడులను రేపును. నలుగురు నాలుగు మూలలు పట్టుకొని దుప్పటివలె విదల్చుట మన సభలలో పరిపాటి. పడుగు తెగుటకు ఇంతకంటె సులభమైన యుపాయము లేదు. కఱ్ఱలతో బాదుటయు అట్టిదే. దుమ్ము పోవలెనన్నచో మొగము క్రిందుగా పరచి వెన్నుమీద మెల్లగా తట్టి, ఎత్తి, రాలినదానిని ఊడ్చిన చాలును. ఆరు మాసముల కొకసారి తల తోకలు మార్చి పరచినయెడల అరుగుదల ఒకేచోట పడదు.

మరకలలో తివాచీకి పరమశత్రువు మన తాంబూలపు సున్నము. ఉన్నికి క్షారము గిట్టదు. సున్నము, చవుడు, చాకలిసోడా: ఈ మూడును నూలుగుడ్డను తెల్లగా చేయునవే, ఉన్నిని మాత్రము పెళుసు చేయును. కావున తాంబూలపు పళ్లెము వాకిటనే యుంచుట మంచిది. పాయసమో కాఫీయో ఒలికినచో రుద్దక, పొడిగుడ్డతో అద్ది, చన్నీటితో తడిపిన గుడ్డతో మరల అద్దవలెను. వేడినీరు తగిలిన ఉన్ని ముడుచుకొనిపోవును. తప్పనిసరియైనచో పలుచని కుంకుడురసము వాడవచ్చును; అదియు మూలలో నొకచోట రంగు కారునో లేదో చూచిన పిమ్మట. ఈరానులో కాషాను దగ్గరి మష్హదె అర్దెహాలు అనుచోట ఏటేట తివాచీ కడుగుట ఒక పుణ్యకార్యముగానే జరుపుదురు. దానిని 2012 లో యునెస్కో గుర్తించినది. వారిది పారెడునీరు, పొడిగాలి. మన డెల్టాలో వానకాలమున తివాచీని తడుపుట అవివేకము.

ఉన్నిని తినెడి చిమ్మటపురుగు చీకటియు నిశ్శబ్దమును గలచోటనే వృద్ధియగును. బీరువాల క్రింద, చుట్టిపెట్టిన చుట్టలో అది పిల్లలను పెట్టును. వేపాకు ఉంచుట మంచిదే. కాని దానినే నమ్ముకొని ఏడాదిపొడవునను విప్పి చూడకుండుట మంచిది కాదు. రెండు మాసముల కొకసారి విప్పి, ఉదయపు టెండలో వెన్ను పైకి వచ్చునట్లు పరచి, మరల చుట్టవలెను. మడచినచో మడతవద్ద పడుగు విరుగును.

నా మేనల్లుడొకడు అమెరికాలో నున్నాడు. “మామయ్యా, కారు నిలుపుకొను గదిలో సిమెంటుమీద క్రొత్తగా తివాచీ పరిపించితిని, దానినెట్లు కాపాడవలయునో ఏలూరివారిని కనుగొని తెలుపవలయును” అని వ్రాసెను. మొదట నాకు నవ్వు వచ్చినది. బండ్లసాలకు రత్నకంబళమా యని! విచారింపగా అది ఉన్ని కాదు. ఇటలీ శాస్త్రజ్ఞుడు గియులియో నత్తా 1954 లో సిద్ధముచేసిన పాలీప్రొపిలీను అను పదార్థపు పోగులను సూదులతో గ్రుచ్చి గ్రుచ్చి దట్టముచేసిన పరుపు. అందు ముడి లేదు, పడుగు లేదు. నీటిని పీల్చదు, చిమ్మట తినదు. అయినను దానికిని పగవారున్నారు. నీటిని దరిచేరనీయని ఆ పోగు నూనెను మాత్రము అంటిపట్టుకొనును. అందుచేత ఇంజను క్రింద పళ్లెము పెట్టుమనియు, నూనె కారిన వెంటనే పొడిపిండి చల్లి పీల్పించుమనియు వ్రాసితిని. వేడికి అది కరగును గనుక వెల్డింగు నిప్పురవ్వలు తగులనీయరాదు. పెట్రోలు డబ్బా ఆ గదిలో నుండనే రాదు. ఇక అడుగుచెమ్మ విషయము ఏలూరికైనను అమెరికాకైనను ఒక్కటే. ప్లాస్టికు గుడ్డ పరీక్షను వానికిని వ్రాసి పంపితిని.

ఊడ్చుటకు ఆ దేశమున యంత్రములు పూర్వమునుండియే కలవు. మిచిగాను రాష్ట్రములోని గ్రాండ్ ర్యాపిడ్సున గాజుసామానుల దుకాణము నడపిన మెల్విల్ బిస్సెల్ 1876 లో చక్రములపై నడచు ఊడ్పుపెట్టెకు హక్కుపత్రము పొందెను. 1901 లో ఆంగ్లేయుడు హ్యూబర్టు సెసిల్ బూతు గాలిని పీల్చి దుమ్ములాగెడి యంత్రమును నిర్మించెను. గుఱ్ఱములు లాగెడి ఆ పెద్దయంత్రమును వీధిలో నిలిపి, కిటికీలగుండ గొట్టములను ఇండ్లలోనికి పంపుచుండిరి. మరుసటి యేడు ఎడ్వర్డు రాజు పట్టాభిషేకమునకై వెస్టుమినిస్టరు ఆలయములోని తివాచీని దానితోనే శుభ్రపరచిరి. నేడు అట్టి యంత్రము మన పట్టణములందెల్ల దొరకును. ఏలూరి తివాచీకి దానిని వాడవచ్చును గాని, తిరుగుడు కుంచెను తీసివేసి, కుచ్చులంచులను దాని నోట పడనీయక నడపవలెను.

జైపూరు సంస్థానపు తివాచీల వెనుక తోషాఖానావారు గుడ్డచీటీలు కుట్టి, కొలతయు, చేరిన తేదియు వ్రాసియుంచిరి. మూడువందల యేండ్ల తరువాత చరిత్రకారులకు ఆ తివాచీల పుట్టుపూర్వోత్తరములు తెలిసినది ఆ చీటీలవలననే. మన గ్రంథాలయములవారు కూడ జానెడు తెల్లగుడ్డమీద చెరగని సిరాతో కొన్న తేది, వెల, నేసినవాని పేరు, ఊరు, ప్రతియేటను విప్పి ఎండబెట్టిన దినము వ్రాసి, తివాచీ వెన్నున ఒక మూలను సన్నని సూదితో పడుగు తెగకుండ కుట్టియుంచవలెను.